నేలవుసిరికి ఒక లెక్క కావాలి

చెన్నై అరుంబాక్కంలోని కేంద్రీయ సిద్ధ వైద్య పరిశోధనా మండలి డైరెక్టర్ జనరల్ గారికి,

పెరియకుళం తెన్‌కరై నుంచి రాస్తున్నాను.

మా ఇంటివాళ్ళ కోసం నేలవుసిరిని రెండుసార్లు నూరారు. మొదటిసారి నా కోసం. అప్పుడు నాకు పదకొండేళ్ళు. కళ్ళు పచ్చబడ్డాయి, అన్నం ఉడికే వాసన తగిలితే చాలు కడుపులో తిప్పేది. తెల్లవారకముందే అవ్వ కాలవగట్టుకు వెళ్ళి మొక్కను వేళ్ళతో సహా పెరికి తెచ్చేది. మట్టి పోయేదాకా కడిగి, సన్నికల్లు మీద వెన్నలా నూరి, ఉసిరికాయంత ముద్ద మజ్జిగలో కలిపి పరగడుపున తాగించేది. ఉప్పు లేదు, నూనె లేదు, తాలింపు వాసన కూడా తగలకూడదు. మూడు వారాలకు కళ్ళు తెల్లబడ్డాయి. ఆ తరవాత చాలా ఏళ్ళు, వీధిలో ఎవరి పిల్లలకు కామెర్లు వచ్చినా నన్నే పిలిచి చూపించేవాళ్ళు: ఇదిగో, ఈ అవ్వ మందుతో బాగయిన పిల్ల.

రెండోసారి మా చిన్నాయన కోసం. అప్పటికి అవ్వ లేదు. కామెర్లకు ఆకుమందు ఇస్తాడని పేరున్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాం. ఆయన మోసగాడు కాడు. డబ్బు ముట్టడు, తాంబూలంలో పెట్టిన అరటిపళ్ళు మాత్రం పుచ్చుకుంటాడు. అదే ఆకు, అదే మజ్జిగ, అదే పత్యం. చిన్నాయనకు ఒళ్ళంతా ఒకటే దురద. విరేచనం సున్నం కలిపినట్టు తెల్లగా పోతున్నదని చిన్నమ్మ భయపడుతూ చెప్పింది. మందు లోపలి చెడును లాగుతున్నదిలే, ఓర్చుకోండి అన్నారు. ఏడు వారాలు ఓర్చుకున్నాం. మదురైలో స్కాను తీసినప్పుడు పిత్తనాళాన్ని మూసేసిన గడ్డ కనబడింది. కోసి తీయగలిగిన రోజులు దాటిపోయాయని డాక్టరు చెప్పాడు. చిన్నాయన మరో నాలుగు నెలలు బతికాడు.

ఒకే ఆకు మీద రెండు సాక్ష్యాలున్న ఇల్లు మాది. ఈ ఉత్తరం రాయడానికి నాకున్న హక్కు అదే.

తరవాత చదువుకుని, అడిగి తెలుసుకున్నదేమంటే, కామెర్లు అనేది ఒక జబ్బు పేరు కాదట. పిత్తపు రంగు రక్తంలో నిలిచిపోతే కనబడే గుర్తు అది. కలుషితమైన నీళ్ళవల్ల వచ్చే ఎ, ఇ రకం కాలేయపు వాపులు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. నాకు వచ్చింది ఆ రకమే అయి ఉండాలి. అవ్వ మందు తాగినా తగ్గేది, తాగకపోయినా తగ్గేది. ఈ మాట రాస్తుంటే చెయ్యి వణుకుతున్నది, అయినా రాయక తప్పదు. చిన్నాయనది అడ్డు పడిన పిత్తం, ఏ ఆకుతోనూ కరగని గడ్డ. ఆ పెద్దాయన కళ్ళకు మాత్రం మేమిద్దరం ఒకే పచ్చ.

ఆయన దగ్గర మందు పుచ్చుకున్న పదిమందిలో ఏడెనిమిదిమంది ఎలాగూ బాగుపడే వాళ్ళే అయితే, వాళ్ళు కొబ్బరికాయ, పండ్లు పట్టుకుని మళ్ళీ ఆయన గుమ్మంలోకి వస్తారు. మిగిలినవాళ్ళు మదురైకో, తేని మెడికల్ కాలేజీకో, ఇంకా దూరానికో వెళ్ళిపోతారు. ఏమైందో చెప్పడానికి తిరిగి రారు. నలభై ఏళ్ళ అనుభవంలో ఆయన చూసిందంతా బాగుపడిన ముఖాలే. ఆయన నమ్మకం అబద్ధమని ఎవరంటారు? ఆయనకు కనబడని వాళ్ళను లెక్కలోకి తీసుకునే పని ఆయన ఒక్కడివల్ల అయ్యేదీ కాదు. అది మీలాంటి సంస్థ చేయవలసిన పని.

ఈ ఆకును ఎవరూ పరీక్షించలేదని నేను అనడం లేదు. మన రాష్ట్రంలోనే పరీక్షించారు, ప్రపంచమంతా తిరిగి చూసింది. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఎస్.పి. త్యాగరాజన్ గారి బృందం హెపటైటిస్ బి వైరసును ఒంట్లో మోస్తున్నవారికి నేలవుసిరి చూర్ణం 30 రోజులు ఇచ్చి చూసింది. మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో ఆ వైరసు గుర్తు కనబడకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. 1988లో లాన్సెట్ పత్రికలో ఆ ఫలితం అచ్చయింది. ఆ వైరసును కనిపెట్టి 1976లో నోబెల్ బహుమతి అందుకున్న బరూక్ బ్లంబర్గ్ స్వయంగా ఈ మొక్క మీద పనిచేశాడు. మన కాలవగట్టు మీది మొక్కకు అంత గౌరవం దక్కిందని తెలిసిన రోజున నాకు అవ్వ గుర్తొచ్చి కళ్ళు తడిశాయి.

రెండేళ్ళకే, 1990లో, అదే లాన్సెట్‌లో థాయిలాండ్ వైద్యుల ఫలితం వచ్చింది: వాళ్ళ రోగుల్లో ఆ మందు వైరసును తొలగించలేకపోయింది. ఆ తరవాత ఇతర దేశాల్లోనూ మొదటి ఫలితం నిలబడలేదు. 2011లో కొక్రేన్ సంస్థ సమీక్షకులు అప్పటిదాకా వచ్చిన పరీక్షలన్నీ పక్కపక్కన పెట్టి చూసి, హెపటైటిస్ బికి ఈ జాతి మొక్కలు పనిచేస్తాయని చెప్పడానికి నమ్మదగిన ఆధారం చాలదన్నారు. మద్రాసులో కనబడింది బ్యాంకాకులో ఎందుకు కనబడలేదు? మొక్క వేరా, నేల వేరా, కోసిన కాలం వేరా, చూర్ణం చేసిన తీరు వేరా, లేక మొదటి లెక్కే చిన్నదై తప్పుదారి పట్టించిందా? ఈ ప్రశ్న దగ్గరే కథ ఆగిపోయింది. మా ఊళ్ళో మందులమ్మేవాళ్ళు 1988 దాకా చెప్పి ఊరుకుంటారు. 1990 సంగతి ఎత్తేవాళ్ళు నాకింతవరకు తగల్లేదు.

ఇంకొక సంగతి. మద్రాసు పరీక్ష అడిగిన ప్రశ్న మా ఊరి ప్రశ్న కాదు. వాళ్ళు చూసింది ఏళ్ళ తరబడి వైరసును మోస్తూ పైకి మామూలుగా తిరిగే మనుషుల్ని. మా అవ్వ మందిచ్చింది నిన్న మొన్న కళ్ళు పచ్చబడిన పిల్లలకు. అలాంటి రోగుల మీద కేరళ వైద్యులు చేసిన పరీక్ష ఒకటి 1999లో వెలువడింది. జబ్బు తగ్గే రోజులు నేలవుసిరివల్ల చెప్పుకోదగినంతగా తగ్గలేదని తేల్చారు. నాకు తెలిసినంతలో మా ప్రశ్నకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చిన జవాబు అదే. కానీ వాళ్ళిచ్చింది ఎండు పొడి. మావాళ్ళు ఇచ్చేది పచ్చిముద్ద. అందుకే మా వీధిలో ఆ జవాబును ఒక్క మాటతో కొట్టేస్తారు: “అది ఈ మందు కాదు.”

ఆ అభ్యంతరం తీర్చకుండా ఎన్ని పరీక్షలు చేసినా ఊరు వినదు. నాటుమందును జనం వాడే తీరులోనే పరీక్షించడం సాధ్యమా అని అడిగేవారికి మన రాష్ట్రంలోని కోయంబత్తూరును చూపిస్తాను. అక్కడి ఆయుర్వేద సంస్థలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సొమ్ముతో కీళ్ళవాతం మీద ఒక పరీక్ష జరిగింది. 2011లో ఫలితం అచ్చయింది. 43 మంది రోగులను చీటీలు వేసినట్టుగా మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు నిజమైన ఆయుర్వేద మందు, దానితోపాటు ఇంగ్లీషు మందు మెథోట్రెక్సేటు ఉత్తుత్తిది. రెండో జట్టుకు నిజమైన మెథోట్రెక్సేటు, ఉత్తుత్తి ఆయుర్వేద మందు. మూడో జట్టుకు రెండూ నిజమైనవే. ఎవరు ఏది మింగుతున్నారో రోగికీ తెలియదు, కీళ్ళు చూసే డాక్టరుకూ తెలియదు. అయినా ఆయుర్వేద వైద్యుడు ఒక్కొక్క రోగినీ చూసి, ఆ మనిషి తత్వాన్ని బట్టి మందు మార్చుకునే స్వేచ్ఛ మాత్రం పోలేదు. 36 వారాల తరవాత మూడు జట్లూ ఇంచుమించు ఒకేలా మెరుగయ్యాయి. చిన్న పరీక్ష కాబట్టి దీనితో ఏదీ తేలిపోదని వాళ్ళే రాసుకున్నారు. నాకు ఫలితం కంటే ఆ పద్ధతి ముఖ్యం. వైద్యుడి వైద్యాన్ని చెరపకుండానే దాన్ని తూకం వేయవచ్చని కోయంబత్తూరులోనే చేసి చూపించారు. కాబట్టి మజ్జిగలో కలిపిన పచ్చిముద్దకు, అదే రంగు, అదే వగరు ఉన్న ఇంకొక ముద్దను జతగా తయారు చేయలేమా? కష్టమే. కుదరని పని మాత్రం కాదు.

ఇక హాని సంగతి. ఆకుమందుకు హాని ఏముంటుందిలే అనే మాట మా ఇంట్లోనూ ఉండేది. ముందు మొక్క ఏదో తేలాలి కదా. నేలవుసిరికి పోలికగల తమ్ముళ్ళు మా పొలాల్లో ఎన్నో ఉన్నారు. ఆకు కింద కాయ వరసగా ఉన్నదీ, కాడ కొంచెం ఎర్రగా ఉన్నదీ, కాయ గరుకుగా ఉన్నదీ, అన్నీ ఒకే బుట్టలో పడతాయి. దక్షిణాది అంగళ్ళ నుంచి ఈ సరుకు కొని జన్యుపరీక్ష చేసి 2010లో ఫలితం ప్రకటించిన శాస్త్రవేత్తలకు నూటికి 76 వంతుల్లోనే అసలైన నేలవుసిరి, అంటే ఫిలాంథస్ అమారస్, దొరికింది. మిగిలిన వాటిలో ఇతర జాతులున్నాయి. అవ్వ అయితే ఆకు తిరగేసి చూసి, గోటితో కాడ గీరి చెప్పేది. అంగడిలో పొడి కొనే మనిషి ఏమి తిరగేసి చూస్తాడు?

తిప్పతీగ ఉదంతం మీకు నాకంటే బాగా తెలుసు. కోవిడ్ కాలంలో ఒంటికి బలమని ఇంటింటా తాగారు. 2020 చివర్లో ముంబైలో ఆరుగురు కాలేయం దెబ్బతిని ఆసుపత్రికి చేరారని అక్కడి వైద్యులు రాశారు. తరవాత 13 కేంద్రాలవారు కలిసి 43 మంది వివరాలు ప్రకటించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఒప్పుకోలేదు, తిప్పతీగను పోలిన ఇంకో తీగ వాడి ఉంటారంది. ఆ వాదంలో ఎవరిది ఒప్పైనా సరే, తాగినవాడికి ఒరిగేదేముంది? మొక్కను గుర్తుపట్టకుండా అమ్మడం కూడా హానే. దానికి తోడు మా పెరియకుళం మామిడి తోటల్లో పూతకాలంలో పురుగుమందు చల్లుతారు. నేలవుసిరి మొలిచేది ఆ చెట్ల కిందే, ఆ కాలవల గట్ల మీదే. అవ్వ కాలంలో కడిగితే పోయింది మట్టి ఒక్కటే.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది గర్భిణుల సంగతి. ఇ రకం కామెర్లు మామూలు మనిషికి తగ్గిపోయేవే అయినా, నెలలు నిండుతున్న గర్భిణికి వస్తే నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోయే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అలాంటి తల్లిని పత్యం పెట్టి, ఉప్పు మాన్పించి, ఇంట్లో కూర్చోబెట్టి ఆకు నూరి పోస్తే, ఆ ఆకులో విషం లేకపోయినా అది ప్రాణం తీసినట్టే. చిన్నాయన విషయంలోనూ ఆకు ఏ పాపమూ చేయలేదు. ఏడు వారాలు తినేసింది, అంతే. మందు హానికరమా అని పరీక్షించేవాళ్ళు కాలేయాన్ని, మూత్రపిండాలను చూస్తారు. దయచేసి ఆలస్యాన్ని కూడా హానిగా లెక్కకట్టండి.

పరీక్షించమని అడగడం అవమానించడమని కొందరు అనుకుంటారు. 2017లో డెంగీ రోజుల్లో నిలవేంబు కషాయం విషయంలో అదే చూశాం. పరిశోధన ఫలితం వచ్చేదాకా పంచవద్దని కమల్ హాసన్ గారు అభిమానులకు చెప్పినందుకు ఎంత గొడవ జరిగిందో! మా ఇళ్ళల్లో అది నేలవేము, జ్వరం వస్తే అమ్మ కాచి పోసేది. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కోవిడ్‌కు ఆనందయ్య ఇచ్చే ఆకుమందు కోసం వేలమంది తోసుకున్నారు. జనం ముందు వచ్చారు, పరీక్ష వెనక వచ్చింది. హాని కనబడలేదని, కోవిడ్ తగ్గుతుందనడానికి ఆధారం లేదని నివేదిక వచ్చాక, కంటిచుక్కలు తప్ప మిగతావి ఇవ్వవచ్చని మే 31న ప్రభుత్వం అనుమతించింది. అప్పటికి సగం ఊపిరితో అంబులెన్సుల్లో కృష్ణపట్నం దారి పట్టినవాళ్ళను తలుచుకుంటే నాకు చిన్నాయన ఏడు వారాలే గుర్తుకొస్తాయి.

మీ మండలికే ఎందుకు రాస్తున్నానంటే, మావాళ్ళ మందులు రెండు గడపల మధ్య పడిపోయాయి. మేము నాయకరాజుల కాలం నుంచి ఈ వరాహనది ఒడ్డున ఉన్నాం. ఇంట్లో తెలుగు, బడిలో అరవం. మా అవ్వ మందు సంస్కృత గ్రంథం చూసి చేసింది కాదు కాబట్టి ఆయుర్వేదం కాదు, అరవంలోని సిద్ధుల గ్రంథం చూసి చేసింది కాదు కాబట్టి సిద్ధమూ కాదు. గ్రంథంలో ఉన్న యోగానికైతే చట్టంలో చోటుంది. పాత గ్రంథంలో చెప్పినట్టే చేసి, చెప్పిన జబ్బుకే అమ్మితే, రోగుల మీద కొత్తగా రుజువు చూపనక్కర్లేకుండానే లైసెన్సు దొరుకుతుంది. పుస్తకానికి ఎక్కని అవ్వల మందులకు లైసెన్సూ లేదు, పరీక్షా లేదు, నిషేధమూ లేదు. ఏ లెక్కకూ అందకుండా గుమ్మం నుంచి గుమ్మానికి నడుస్తూనే ఉన్నాయి.

ఒకప్పుడు మద్రాసు ప్రభుత్వం ఈ పని మొదలుపెట్టింది. 1918లో డాక్టర్ కోమన్‌ను దేశీయ మందుల పరిశోధనకు నియమించారు. ఆయన నివేదిక చూసి వైద్యులు భగ్గుమన్నారు: మా శాస్త్రం తెలియకుండా, మమ్మల్ని అడగకుండా మా మందును ఎలా తూచావని. ఆ కోపంలో న్యాయం ఉంది. 1921లో వేసిన ఉస్మాన్ కమిటీ ఆ తప్పు దిద్దుకుంది. తెలుగు, తమిళం, మలయాళం, కన్నడం, ఉర్దూ, ఏ భాష వైద్యుడి సాక్ష్యం ఆ భాషలోనే తీసుకుంది. నూరేళ్ళ కిందట ఉన్న ఆ మర్యాద ఇప్పుడు కూడా కావాలి.

అందుకని నేను అడిగేది ఇది. మా ఊళ్ళోనే జిల్లా ప్రధాన ప్రభుత్వాసుపత్రి ఉంది, తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉద్యాన కళాశాల ఉంది. మొక్కను ఆ కళాశాలలో గుర్తుపట్టించి, పురుగుమందు తగలని మడిలో పెంచండి. కళ్ళు పచ్చబడి వచ్చిన ప్రతి మనిషికీ ముందు రక్తపరీక్ష, కడుపు స్కాను చేయించండి. అడ్డుపడిన కామెర్లవాళ్ళను, గర్భిణులను, స్పృహ మసకబారుతున్నవాళ్ళను ఆ రోజే పెద్దాసుపత్రికి పంపండి. మిగిలినవాళ్ళు ఒప్పుకుంటే, ఆసుపత్రి వైద్యం అందరికీ ఇస్తూనే, సగం మందికి పచ్చిముద్ద, సగం మందికి దాన్ని పోలిన ముద్ద ఇచ్చి రోజులు లెక్కపెట్టండి. ప్రయోగం మొదలుకాకముందే దాన్ని వైద్య ప్రయోగాల జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయండి. మధ్యలో మానేసి వెళ్ళినవాళ్ళ ఇంటికి మనిషిని పంపండి. వాళ్ళను వదిలేస్తే మళ్ళీ ఆ పెద్దాయన గుమ్మంలోని లెక్కే మిగులుతుంది. పనిచేయలేదని తేలితే ఆ మాటనూ అంతే పెద్ద అక్షరాలతో, అరవంలోనూ తెలుగులోనూ అచ్చువేసి ఆసుపత్రి గోడకు అంటించండి. మీ దగ్గర ఇప్పటికే ఫలితాలుంటే వాటినీ మాకు అర్థమయ్యే మాటల్లో ఇవ్వండి.

ఆకుమందు ఇచ్చేవాళ్ళను ఈ పనిలో కలుపుకోండి. వాళ్ళు చెప్పడానికి జంకుతారు. మందు బయటపెడితే పనిచేయదని కొందరి నమ్మకం, ఎవరో డబ్బాలో పోసి అమ్ముకుంటారని కొందరి భయం. ఆ భయానికి కేరళలోని కాణి గిరిజనుల అనుభవం కొంత జవాబు. అగస్త్యమల అడవిలో వాళ్ళు చూపించిన ఆరోగ్యపచ్చ అనే మొక్క నుంచి తిరువనంతపురం దగ్గరి ఉష్ణమండల వృక్షోద్యానం వారు జీవని అనే మందు చేశారు. 1995లో కోయంబత్తూరు ఆర్యవైద్య ఫార్మసీకి 10 లక్షల రూపాయలకు, అమ్మకం మీద 2 శాతం రాయల్టీకి హక్కు ఇచ్చారు. వచ్చినదాంట్లో సగం కాణివాళ్ళకని ఒప్పుకున్నారు. ఆ పంపకంలో తరవాత చిక్కులు వచ్చాయి, నిజమే. అయినా చెప్పినవాడికి వాటా ఉండాలన్న మాట కాగితం మీదికి వచ్చింది. మా కొండమీది పళియర్లకు, గట్టుమీది అవ్వలకు ముందుగానే అలాంటి కాగితం రాసి ఇవ్వండి.

చిన్నాయనకు మందిచ్చిన పెద్దాయన ఇంకా ఉన్నాడు. మొన్న కలిసి, చిన్నాయనకు ఏమైందో మొదటిసారి చెప్పాను. ఆయనకు తెలియదు. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, ఇంకెవరైనా అలా పోయారా అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మీ మనుషులు వస్తే వాళ్ళతో కూర్చుంటానన్నాడు.

ఐప్పసి నెల వానలు పడ్డాక కాలవగట్టు మీద నేలవుసిరి మోకాలెత్తు లేస్తుంది. మీవాళ్ళు ఆ నెలలో వస్తే మేలు. బాలసుబ్రహ్మణ్యస్వామి గుడి వెనక నుంచి దారి. నేను వచ్చి చూపిస్తాను.

ఇట్లు,
పెరియకుళం తెన్‌కరై వాసి,
ఒకప్పుడు నేలవుసిరి మందుతో బాగయిందని పేరుపడ్డ పిల్ల